మొరాకోలో ముందే అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మొరాకో ఫొటోలు చూసి మా బంధువులు ఇద్దరు నాకు ఫోన్ చేశారు. వెళ్లాలని ఉంది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. నిరుడు నవంబరులో మావారూ నేనూ పదకొండు రోజులు అక్కడ తిరిగి వచ్చాం. మంచి మనుషులు, మంచి దేశం. మేం పడ్డ ఇబ్బందులు మాత్రం ముందే అడగకపోవడం వల్ల వచ్చినవే. అందుకే ఈ ఉత్తరం.

మర్రాకేష్‌లో జెమా ఎల్ ఫ్నా మైదానానికి సాయంత్రం వెళ్లాం. గోరింటాకు పెట్టే ఒకావిడ నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని రెండు తీగలు గీసేసింది. ఊరికే పెడుతోందనుకున్నాను. చివరికి 200 దిర్హాములు అడిగింది. పెట్టించుకోవాలని ఉంటే ముందే ధర మాట్లాడుకోండి. నల్లగా పండేది మాత్రం వద్దు. అందులో కలిపే రసాయనంతో చర్మం బొబ్బలెక్కుతుంది. పాములవాళ్లను ఫొటో తీసినా డబ్బులివ్వాల్సిందే. అక్కర్లేదనుకుంటే "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడిచిపోండి.

ఊళ్లో తిరిగే చిన్న టాక్సీని పెటీ టాక్సీ అంటారు. ముగ్గురినే ఎక్కించుకుంటారు కాబట్టి నలుగురున్న కుటుంబానికి రెండు కావాలి. మీటరు వేయమని అడగండి, వేయనంటే ఎక్కకముందే ఎంతో తేల్చుకోండి. 200 నోటు ఇస్తే చాలాసార్లు చిల్లర లేదంటారు. దిర్హాములు ఆ దేశం వెళ్లాకే మార్చుకోవాలి. మార్చుకున్నప్పుడే చిన్న నోట్లు అడిగి తీసుకోండి.

ఫెజ్ పాత నగరంలోకి కార్లు రావు. గ్యాస్ సిలిండర్ల దగ్గర్నుంచి అన్నీ గాడిదలు, కంచర గాడిదల మీదే వస్తాయి. వెనక నుంచి "బాలక్!" అని కేక వినపడితే వెంటనే గోడకు ఒదిగి నిలబడాలి. ఆ ఇరుకు సందుల్లో ఫోన్‌లో మ్యాపు సరిగ్గా పనిచేయలేదు. ఒక కుర్రాడు "అటు దారి మూసేశారు" అని చెప్పి, మమ్మల్ని తోళ్లు శుద్ధి చేసే చోటు పక్కనున్న దుకాణానికి తీసుకెళ్లి డబ్బులడిగాడు. మేం వెళ్లాల్సిన దారి తెరిచే ఉంది. మర్నాడు మేం దిగిన ఇంటివాళ్లనే అడిగి గుర్తింపు కార్డున్న గైడును పెట్టుకున్నాం. ఆ పూటంతా టెన్షన్ లేకుండా గడిచింది. తోళ్లు నానబెట్టే ఆ చోటును చువారా అంటారు. అక్కడి తొట్ల దగ్గర వాసనకు తట్టుకోమని చేతికి పుదీనా రెమ్మ ఇస్తారు. తోలు మెత్తబడటానికి పావురాల రెట్ట వాడతారని అక్కడే తెలిసింది.

శాకాహారులకు ఒక మాట. శుక్రవారం గోధుమ రవ్వతో కుస్కుస్ అనే వంటకం వండుతారు. పైన ఏడు రకాల కూరగాయలు కనిపిస్తాయి కానీ అడుగున పోసిన రసం మాంసంతో ఉడికింది కావచ్చు. "బ్లా ల్హమ్" అంటే మాంసం లేకుండా అని. కూరగాయలే కాదు, రసం సంగతీ అడగండి. హరీరా సూప్‌లోనూ తరచుగా మాంసం ఉంటుంది. మేం వంకాయతో చేసే జాలూక్, ఖుబ్జ్ రొట్టె, ఆలివ్ కాయలు, నారింజలతో హాయిగా గడిపేశాం.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది ఎడారి ప్రయాణం. మర్రాకేష్‌లో "రెండు రోజుల సహారా" అని చెబితే డబ్బు కట్టేశాం. తీసుకెళ్లింది జగోరాకు. అక్కడివి చిన్న దిబ్బలు. ఫొటోల్లో చూసే ఎత్తయిన ఇసుక కొండల పేరు ఎర్గ్ చెబ్బీ, అవి మెర్జూగా అనే ఊరి దగ్గర ఉన్నాయి. మర్రాకేష్ నుంచి దాదాపు 560 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి కనీసం మూడు రోజులు పెట్టుకోవాలి. మావారు చిన్నప్పటి నుంచి చూడాలనుకున్నది ఆ కొండలనే. రెండు దారులూ 2,260 మీటర్ల ఎత్తున్న తిజి న్ తిష్కా కనుమ మీదుగానే వెళ్తాయి. మలుపులకు కడుపులో తిప్పుతుంది, మాత్ర ముందే వేసుకోండి. చలికాలం రాత్రి ఎడారిలో స్వెటర్ చాలదు, మందపాటి కోటు కావాలి. డబ్బు కట్టే ముందు ఏ ఊరు, ఏ దిబ్బలు, ఎన్ని గంటల ప్రయాణం అని పేర్లతో సహా అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఇసుక కొండల ఫొటో కింద అది ఏ ఊరి దగ్గర తీసిందో, మర్రాకేష్ నుంచి ఎంత దూరమో కూడా అచ్చు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు