ఆర్‌డీ కొనేముందు ఒక్కమాట

అందరికీ నమస్తే. నిన్న గంటస్తంభం దగ్గర రాజ్‌దూత్ 350 (మనం ఆర్‌డీ అనే పాత బైకు) ఒకటి చూసొచ్చాను, మన గ్రూపులో ఇద్దరు ముగ్గురు దానికోసం తిరుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. బండి బాగుంది, కిక్కు కొట్టగానే అందుకుంది, ఆ సౌండ్ వింటే ప్రాణం లేచొచ్చింది. కానీ అమ్మేవాళ్లు హైటార్క్ (ఎక్కువ పవర్ ఉన్న మొదటి రకం) అని చెప్పి ఆ రేటే అడుగుతున్నారు. హైటార్క్ 30.5 హార్స్‌పవర్, తర్వాత మైలేజీ కోసం పవర్ తగ్గించి వదిలిన లోటార్క్ 27 దాకా. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి, రేటు దగ్గరే తేడా అంతా. కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచి ఇంజిన్ నంబరు చూస్తే ఆర్‌సీలో నంబరుతో కలవలేదు! అలాంటిదానికి లక్షలు పోయొద్దు తమ్ముళ్లూ.

ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, 39 హార్స్‌పవర్ ఉన్నది జపాన్ యమహా ఆర్‌డీ. మనకి 1983 నుంచి ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు చేసిచ్చిన రాజ్‌దూత్‌కి ముందు చక్రానికి కూడా డ్రమ్ము బ్రేకే. కాబట్టి డిస్క్ తగిలించి "ఫారిన్ మోడల్" అంటే నమ్మకండి, నాకైతే ఒరిజినల్ డ్రమ్ముతో ఉన్న బండికే విలువ ఎక్కువ. శ్రీకాకుళం వైపు ఎవరిదగ్గరైనా పేపర్లు సరిగ్గా ఉన్నది ఉంటే చెప్పండి, ఆదివారం నేనే వచ్చి చూస్తాను.