సుంకం తగ్గించారు, నూనె ధర ఎప్పుడు తగ్గిస్తారు?

కేంద్ర ఆహార, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

అర్జీలు పంపి పంపి విసిగిపోయి ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నాను. చెక్కలు, జంతికలు, కారప్పూస ఆర్డర్ల మీద చేసి అమ్మడం నా పని. మూకుట్లో పోసేది పామాయిలే.

2024 సెప్టెంబరు 14న బయటి దేశాల నుంచి వచ్చే ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. పాత సుంకంతో తెచ్చిన సరుకు 30 లక్షల టన్నుల దాకా ఉందని, 45–50 రోజులకు సరిపోతుందని, అది అయ్యేదాకా ధర పెంచొద్దని కంపెనీలకు మీ శాఖే చెప్పింది. ఎవరు విన్నారండీ? రెండు మూడు రోజుల్లోనే డబ్బా ధర పెరిగింది. డబ్బా మీద చూస్తే ప్యాకింగ్ ఆగస్టుది! అడిగితే "పైనుంచే రేటు పెంచారమ్మా" అన్నాడు షాపాయన. దసరా, దీపావళి ఆర్డర్లకు అప్పటికే అడ్వాన్సులు తీసుకున్నాను. మాట మార్చలేక నష్టానికే వండి ఇచ్చాను.

2025 మే 30న అదే సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. సంతోషించాం. ఈసారేమో అమ్మేవాళ్లు "పాత స్టాకు ఉంది, అయిపోనివ్వండి" అన్నారు. పెంచినప్పుడు ఆ పాత స్టాకు ఎటు పోయింది? పైగా లీటరు అనుకుని కొనే ప్యాకెట్లు కొన్నిటిలో 850 గ్రాములే ఉంటోంది. లీటరు నూనె 910 గ్రాములు తూగాలి కదా.

ఇండోనేసియా, మలేసియా లాంటి ఆగ్నేయాసియా దేశాలతో ఆసియాన్ వ్యాపార ఒప్పందం ఉంది కాబట్టి సుంకం విషయంలో ఏమీ చేయలేమని కొందరంటారు. ఆ ఒప్పందం పెట్టింది పై హద్దు మాత్రమే, ముడి పామాయిల్‌కు 37.5 శాతం. దాని లోపల ఎంత వేయాలో ప్రభుత్వం ఇష్టం. 2021 అక్టోబరులో మూల సుంకం (సెస్సులు కలపకముందు వేసేది) సున్నా చేసింది కూడా మీ ప్రభుత్వమే. సాఫ్టా అనే దక్షిణాసియా దేశాల వ్యాపార ఒప్పందం కింద నేపాల్ నుంచి సుంకం లేకుండానే రిఫైన్డ్ నూనె వస్తోంది. ఆ మిగులు ఎవరికి పోతోందో గానీ నేను కొనే డబ్బా దగ్గరకైతే రాలేదు.

సుంకం ఎత్తేయమని నేనడగను. మా తమ్ముడు అశ్వారావుపేట దగ్గర ఆయిల్‌పామ్ వేశాడు. ముడి నూనె ధరను బట్టే గెలలకు రేటు కడతారు. ఆయిల్‌పామ్ సాగు పెంచడానికి మీ ప్రభుత్వం పెట్టిన మిషన్‌ను నమ్మి, కాపు కోసం నాలుగేళ్లు ఆగిన రైతుల్ని ముంచొద్దు. 2022 ఏప్రిల్‌లో ఇండోనేసియా ఎగుమతులు ఆపినప్పుడు పడ్డ టెన్షన్ మాకింకా గుర్తుంది. మన పంట మనకుండాలి. అయితే రైతు పేరు చెప్పి పెంచింది మధ్యవాళ్ల దగ్గర ఆగిపోకూడదు.

తగ్గింపును కొనేవాళ్లకు అందించమని, మారిన ధరల పట్టికలు వారం వారం పంపమని 2025 జూన్‌లో కంపెనీలకు చెప్పారు. ఆ పట్టికలు మాకూ చూపించండి. సలహాలు వాళ్లు వినరని తేలిపోయింది, ఆదేశం ఇవ్వండి. దయచేసి పండగ ఆర్డర్లు మొదలయ్యేలోపు ఇవ్వండి.

ఇట్లు,
పిండివంటలు చేసుకుని బతికే ఒక మహిళ