శ్రీనూ, ఆ ఊక అగ్రిమెంటు మీద అప్పుడే సంతకం పెట్టకు

రోటర్‌డామ్, ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. వెనకాల మిల్లు చప్పుడు సగం మాటల్ని మింగేసింది, అయినా సంగతి అర్థమైంది. ఎవరో ఇద్దరు కారులో వచ్చారు. నీ మిల్లు ఊకను గుళికలుగా నొక్కి విదేశాలకు పంపుతామన్నారు. పదేళ్లపాటు ఊకంతా వాళ్లకే ఇవ్వాలి, రేటు మాత్రం ఒకటే. "నువ్వు ఆ గుళికల ఓడల దగ్గరే పని చేస్తున్నావు కదరా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నావు. ఫోన్లో చెప్పడం మొదలుపెడితే లారీ వచ్చిందని మధ్యలో పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. రాత్రి కాంటా మూసేశాక తీరిగ్గా చదువు.

ముందు నా పని గురించి నీకున్న భ్రమ తీరుస్తాను. మిర్యాలగూడలో అందరూ నేనేదో పెద్ద ఎనర్జీ ఆఫీసర్ని అనుకుంటున్నారట. నేను చేసేది శాంపిళ్లు తీయడం. చెక్కపొట్టును నొక్కి చేసిన గుళికలు ఓడలో వస్తాయి. చూడ్డానికి అచ్చం పశువుల దాణా గుళికలే. తేమ పది శాతం దాటిందా, పొడి ఎంత రాలుతోంది, బూడిద ఎంత మిగులుతోంది, ఇవే నా లెక్కలు. వాన చుక్క పడితే ఉబ్బి పిండి పిండి అయిపోతాయి కాబట్టి మబ్బు పడితే దింపుడు ఆపేస్తారు. ఈ ఊళ్లో మబ్బు పట్టని రోజు ఎన్నడని! ఇంకో సంగతి, ఓడలోని మూసిన అరలో ఈ గుళికలు గాలిలోని ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగూ వాసనా ఉండవు. వచ్చిన మొదటి వారం తెలియక మెట్ల దారిలోకి కాలు పెట్టబోతే మా సూపర్‌వైజర్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు. అప్పటినుంచి గ్యాస్ మీటరు లేకుండా అటువైపు చూడను కూడా చూడను. మా అమ్మకు ఇది చెప్పకు.

ఇవి ఎక్కడినుంచి వస్తాయంటావా? అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి, బాల్టిక్ దేశాల నుంచి. సముద్రాలు దాటించి కట్టెలు తెచ్చుకుని బొగ్గుతో కలిపి కాల్చడమేంటని మొదట్లో నవ్వొచ్చేది. కిటుకంతా లెక్కలో ఉంది. అంతర్జాతీయ వాతావరణ లెక్కల ప్రకారం చెట్టును కాల్చినప్పుడు వచ్చే కార్బన్‌ను పొగ గొట్టం దగ్గర లెక్కేయరు. చెట్టు కొట్టిన దేశం తన భూమి, అడవుల ఖాతాలో రాసుకోవాలి. అంటే పొయ్యి వీళ్లింట్లో, పద్దు వాళ్లింట్లో. ఒక పద్దు రెండుసార్లు రాయకూడదని పెట్టిన నియమమే అది, తప్పు పట్టలేం. కానీ కొట్టిన చెట్టు మళ్లీ అంత పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, పొగ మాత్రం ఈరోజే పైకి పోతుంది. 2018 జనవరిలో దాదాపు 800 మంది శాస్త్రవేత్తలు ఐరోపా పార్లమెంటుకు ఉత్తరం రాసి మొత్తుకున్నది దీని గురించే.

నీకు ఇవన్నీ ఎందుకంటే, ఈ వ్యాపారానికి ప్రాణం ప్రభుత్వ సబ్సిడీ. నెదర్లాండ్స్‌లో 2013లో ప్రభుత్వం, కంపెనీలు, పర్యావరణ సంఘాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నప్పుడే బొగ్గుతో కలిపి కాల్చే బయోమాస్‌కు, అంటే కట్టెలు, పొట్టు లాంటి వాటికి, 25 పెటాజౌళ్ల (శక్తిని కొలిచే పెద్ద కొలతలే) హద్దు గీశారు. 2020లో ప్రభుత్వానికి సలహాలిచ్చే ఇక్కడి సామాజిక ఆర్థిక మండలి ఇంకో మాట చెప్పింది: బయోమాస్‌ను కరెంటు కోసం, ఇళ్ల వేడి కోసం కాల్చడం మెల్లగా మానండి, దాంతో వస్తువులు, రసాయనాలు చెయ్యండి అని. 2030 నుంచి ఈ దేశంలో బొగ్గుతో కరెంటు తీయడమే నిషేధం. మరి నీ అగ్రిమెంటు పదేళ్లు! అంతెందుకు, ప్రపంచంలోనే అతి పెద్ద గుళికల కంపెనీ అమెరికాలోని ఎన్వివా. చేతిలో ఏళ్ల తరబడి ఒప్పందాలున్న ఆ కంపెనీయే 2024 మార్చిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ఆ కారులో వచ్చిన ఇద్దరూ అంతకంటే గట్టివాళ్లా?

ఇప్పుడు అసలు అనుమానం. నేను రోజూ చూసే మంచి చెక్క గుళికలో బూడిద ఒక శాతం కూడా ఉండదు. నీ ఊకలో ఎంత? ఇరవై శాతం దాకా ఉంటుంది, అదీ ఎక్కువ భాగం సిలికా, అంటే మెత్తటి ఇసుక లాంటిదే. నీ బాయిలర్ గొట్టాలు ఎలా అరిగిపోతాయో నాకంటే నీకే తెలుసు. చెక్క కోసం కట్టిన బాయిలర్లలో దాన్ని వేయడానికి ఎవరూ ఇష్టపడరు. పైగా ఐదో వంతు బూడిదకు కూడా ఓడ కిరాయి కట్టాలి. కాబట్టి విదేశం అన్న మాట నీ ముందు ఊరించడానికేమో అని నా లోపల పీకుతోంది. 2021 నుంచి మన కేంద్రమే బొగ్గు ప్లాంట్లను పంట వ్యర్థాల గుళికలు కలపమంటోంది, ఐదు శాతంతో మొదలుపెట్టి. వాళ్లు నీ ఊకను అటు అమ్ముకుంటే తప్పేం లేదు. కానీ కొనేవాడు పక్క జిల్లాలోనే ఉంటే మధ్యలో వాళ్లెందుకు? అడుగు.

మీ బాపు ఉన్న రోజులు గుర్తున్నాయా? ఇటుక బట్టీల వాళ్లు వచ్చి ఊక ఎత్తుకుపోతే, జాగా ఖాళీ చేశారని చాయ్ తాగించి పంపేవాడు. తర్వాత ఊకతో నడిచే కరెంటు ప్లాంట్లు వచ్చాయి. వాటిలో కొన్ని క్యోటో వాతావరణ ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన కాలుష్యానికి టన్ను లెక్కన ఇచ్చే పత్రాలు, కూడా అమ్ముకున్నాయి. అప్పుడు మొదటిసారి ఊకకు కాంటా పెట్టారు. 2012 చివరికి ఆ క్రెడిట్ ధర ఒక్క యూరో కంటే కిందికి పడింది. క్రెడిట్ పడిపోయింది గానీ ఊక మళ్లీ ఉచితం కాలేదు, చూశావా?

మా టీమ్‌లో సెనెగల్ అతను ఒకడున్నాడు. మన ఊరు బియ్యం మిల్లుల ఊరని చెప్పగానే, "2022లో మీరు నూకలు ఆపేస్తే మా అమ్మ నన్ను తిట్టింది, నేనేదో చేసినట్టు" అన్నాడు. వాళ్ల దగ్గర చేపల కూరతో వండుకునేది నూకల అన్నమేనట, నూకలే కావాలి, మంచి బియ్యం ఇచ్చినా మొహం చిట్లిస్తారు. ఆ సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపినప్పుడు చెప్పిన కారణాల్లో కోళ్ల దాణాతో పాటు ఇథనాల్ కూడా ఉంది. మనం కోళ్లకు వేసేది అక్కడ పండగ భోజనం, ఇంకోచోట పెట్రోల్‌లో కలిసేది. ఇలాంటప్పుడు దేన్ని వ్యర్థం అనాలో నాకు తెలియడం లేదు.

పదేళ్లు, ఒకే రేటు అనగానే నాకు పవర్‌గూడ గుర్తొచ్చింది. ఆదిలాబాద్ ఏజెన్సీలో జైనూరు దగ్గర గోండుల ఊరు. ఉట్నూరులో టీచరుగా చేసిన మా మామయ్య చెబుతుండేవాడు. హైదరాబాద్ దగ్గరున్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సాయంతో అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీయడం మొదలుపెట్టాయి. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశం తాలూకు కాలుష్యాన్ని సరిపెట్టుకోవడానికి ఆ ఆడవాళ్ల దగ్గర 147 టన్నుల కార్బన్ తగ్గింపును కొంది. ఇచ్చింది 645 డాలర్లు. పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్ బదులు వాడతారన్న లెక్క మీద. ఆ రోజుల్లో అది గొప్పే, ఒక గూడెం ప్రపంచ బ్యాంకుకు సరుకు అమ్మడం మాటలా! కానీ టన్నుకు పడింది నాలుగున్నర డాలర్ల లోపే. 2023 ఫిబ్రవరిలో ఐరోపాలో కంపెనీలు టన్ను కార్బన్ వదలడానికి కొనుక్కునే పర్మిట్ వంద యూరోలు దాటింది. రెండూ ఒకే బజారు కాదు, నాకు తెలుసు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే కడుపులో తిప్పుతుంది.

ఇక ఆఖరి సంగతి, నువ్వు అసలు అడగనిది. బూడిద. ఇప్పుడు ట్రాక్టరుకు డబ్బిచ్చి మరీ ఊరవతల పోయిస్తున్నావు కదా. అందులోని సిలికాను తీసి గుడ్‌ఇయర్ కంపెనీ కార్ల టైర్లలో వాడుతోంది, 2014లోనే ప్రకటించింది. ఇక్కడివాళ్లు బయో ఆర్థికం అని పెద్ద పేరు పెట్టి మాట్లాడేది ఇలాంటి వాటి గురించే. నీ దగ్గర ఊక ఉంటే నీ వడ్లు ఉడికించడానికి ఆవిరి నీది, మిగిలిన బూడిదా నీది. గుళికలుగా అమ్మేస్తే రెండూ పోతాయి, రేపు బాయిలర్‌కు నువ్వే ఎవరి దగ్గరో కొనుక్కోవాలి. ఆ బూడిద రేపే బంగారం అవుతుందని కాదు. టైర్ల కంపెనీకి ఒకే రకం బూడిద కావాలి, మంట ఎక్కువైతే పనికిరాదు. కానీ అగ్రిమెంటులో దాని ఊసు లేకుండా వదిలేయకు.

రేపు వాళ్లు ఫోన్ చేస్తే, మా ఆడిటర్ ఊళ్లో లేడని చెప్పు. అబద్ధమే, పరవాలేదు. అగ్రిమెంటు అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, ఆ చిన్న అక్షరాల పేజీ కూడా. నీ బాయిలర్‌కు కావాల్సింది పోగా మిగిలిందే ఇస్తాననీ, ఏడాదికోసారి రేటు మాట్లాడుకుందామనీ అను. వాళ్ల మొహం ఎలా మారుతుందో చూసి నాకు రాయి.

వదినకు నా నమస్కారాలు. చింతకాయ తొక్కు పార్శిల్ అందింది, మూత కొంచెం కారింది గానీ తొక్కు బతికే ఉంది. అన్నట్టు, ఇప్పుడు టన్ను ఊక ఎంతకు పోతోంది? అది చెప్పకుండా సలహా అడిగావు చూడు.

నీ
రవి