ఆ దాణా బస్తాలో ఏముందో రాయించండి సార్

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

చిత్తూరు జిల్లాలో 5,000 కోళ్ల షెడ్డు నడుపుతున్న బ్రాయిలర్ రైతును. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులూ కంపెనీవే. షెడ్డు, కరెంటు, వరిపొట్టు, చాకిరీ మావి. 40 రోజులు మేపితే కిలోకు ఇంతని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు.

పోయిన వేసవిలో దాణా బస్తాల మీద కొత్తగా ‘హెర్బల్’ అని కనిపించింది. ఏం కలిపారని సూపర్‌వైజర్‌ను అడిగితే ‘మూలికలన్నా, మంచివే’ అన్నాడు. పసుపా, వెల్లుల్లా, వామా? ఎంత? అతనికీ తెలియదు. ఆ బ్యాచ్ మేత ఎక్కువ తినింది, తూకం తక్కువ వచ్చింది. ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు కోడి తిన్న మేత లెక్క, పెరిగిందని మా ఛార్జీలో కోత వేశారు. తప్పు మూలికదో, ఎండదో, నాదో తేల్చుకునే దారే లేదు.

మూలికలతో నాకు పేచీ లేదు. మా అమ్మ నాటుకోడి పిల్లలకు నూకల్లో పసుపు కలిపి పెట్టేది. యూరప్‌లో 2006 జనవరి నుంచి ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపనివ్వడం లేదు. మన కేంద్రం కూడా 2019 జూలైలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ దాణాకూ నిషేధించింది. మిగతా మందులు పనిచేయనప్పుడు డాక్టర్లు రోగులకు చివరగా ఇచ్చేది అదే మరి. ఆ ఖాళీలోకి వాము, పసుపు, తేనెటీగల ప్రోపోలిస్ రావాల్సిందే.

అయితే వీటి గుణం ఒక్క తీరుగా ఉండదు. ప్రోపోలిస్ అంటే ఈగలు చెట్ల మొగ్గల నుంచి తెచ్చి పెట్టె సందులకు పూసుకునే బంక. మన పుట్టతేనె ఈగలు దాన్ని పెద్దగా పోగుచేయవు, పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగలు చేస్తాయి. ఏ చెట్టు బంకైతే ఆ చెట్టు గుణం. పసుపులో అసలు సరుకైన కుర్కుమిన్ ఒక రకంలో 2 శాతం ఉంటే ఇంకో రకంలో 5 దాటుతుంది. అందుకే బయటి దేశాల పరీక్షల్లో ఒకచోట కోడి బరువు పెరిగింది, ఇంకోచోట తేడాయే లేదు. పైగా పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం రసాయనం కలిపే దొంగలు ఉండనే ఉన్నారు. ఆ సీసం కోడి కడుపులోకీ పోతుంది కదా.

2020లో మన రాష్ట్రం పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద చట్టం చేసింది. దాని కింద ప్రతి బ్రాయిలర్ దాణా బస్తా మీద ఏ మూలిక, టన్నుకు ఎన్ని గ్రాములు, అసలు సరుకు ఎంత శాతం అన్నది తెలుగులో రాయించండి. కంపెనీ రైతుకు అమ్మకుండా ఇచ్చే దాణాకూ ఇది వర్తించాలి. లేకపోతే ‘మేం అమ్మలేదు కదా’ అని తప్పించుకుంటారు.

తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లను మే నెల ఎండలో మా షెడ్లకు పంపి పరీక్ష పెట్టించండి. నా షెడ్డులో సగం ఇస్తాను, మధ్యలో వల ఖర్చు నాదే. తూకం తగ్గితే ఆ కోత మాత్రం నా ఛార్జీలో వేయొద్దని కంపెనీకి ముందే చెప్పండి.

ఇట్లు,
ఒక బ్రాయిలర్ రైతు
చిత్తూరు జిల్లా