రెండు తులాల తేడా

ప్రియ మిత్రుడు సుధాకర్‌కు,

సంక్రాంతిలోపు జవాబు రాస్తానని మాట ఇచ్చి, శివరాత్రి కూడా దాటాక కలం పట్టుకున్నందుకు ముందుగా నన్ను క్షమించు. ఇక్కడ డాలస్‌లో అందరం కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నదానికి పళ్ళకు తీగ వేయించాం. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా నవ్వు రాదు, ఎందుకంటే కథ మళ్ళీ మీ నాన్నగారి బంగారం త్రాసు దగ్గరికే వచ్చింది.

నా రైఫిల్‌కు బిగించడానికి సప్రెసర్, అంటే చప్పుడు తగ్గించే గొట్టం, కొంటున్నానని పోయిన ఏడాది రాశాను కదా, అది చేతికి వచ్చింది. 1934 నాటి చట్టం ప్రకారం దాని మీద 200 డాలర్ల పన్ను కట్టాను; నేను కట్టిన తర్వాత, ఈ 2026 జనవరి 1 నుంచి ఆ పన్నును సున్నా చేశారు. నేను టికెట్టు కొన్నాకే హాల్లో కరెంటు పోవడం నీకు కొత్త కాదు. సినిమాల్లోలాగా అది తుస్సుమని ఊరుకుంటుందని మాత్రం అనుకోకు, చెవులకు రక్షణ పెట్టుకోవలసిందే.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఈ ఏఆర్-15 రకం రైఫిల్‌లో తూటా వెనకాల వచ్చే గ్యాస్‌లో కొంత భాగం గొట్టానికున్న చిన్న రంధ్రం గుండా వెనక్కి వచ్చి, గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్ట్‌ను నెడుతుంది. ఆ బోల్ట్ వెనక్కి దూసుకువస్తే, భుజానికి ఆనించే భాగం లోపల ఉన్న స్ప్రింగు, దాని ముందున్న బఫర్ అనే లోహపు దిమ్మ ఆ వేగాన్ని మింగి దాన్ని తిరిగి ముందుకు పంపుతాయి. సప్రెసర్ బిగిస్తే గ్యాస్ త్వరగా బయటపడలేక లోపలే ఇంకాసేపు నిలుస్తుంది, బోల్ట్ మీద నెట్టుడు పెరుగుతుంది. ఫలితంగా నా ఖాళీ కేసింగులు, అంటే పేలిన తూటాల డొల్లలు, పక్కకు పడకుండా, గొట్టం మూతిని గడియారంలో పన్నెండు అనుకుంటే, ఒంటిగంట దిక్కుకు ఎగిరిపోయాయి. మిరపకాయల పోపు మాడిన వంటింట్లో నిలబడ్డట్టు కళ్ళు మండాయి. రెండుసార్లయితే, మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తన తర్వాతి తూటాను పైకి తోసేలోపే బోల్ట్ ముందుకు వెళ్ళిపోయి ఖాళీగా మూసుకుంది.

బరువైన బఫర్ వేస్తే సరి అన్నారు. నాకు మామూలు బఫర్ ఉంది, మూడు ఔన్సులు, అంటే 85 గ్రాములు. పైన హెచ్, హెచ్2, హెచ్3 అని మెట్లు ఉన్నాయి. ఇక్కడే మన పాత జబ్బు బయటపడింది: నేను తిన్నగా హెచ్3 తెప్పించాను. మీ కొట్లో కూర్చుని, బరువెక్కువ ఉన్న గొలుసే మంచిదని ఒకావిడతో నేను వాదించిన రోజు గుర్తుందా? మీ నాన్నగారు కళ్ళజోడు పైనుంచి చూసిన చూపు నాకు ఇప్పటికీ మండుతుంది.

హెచ్3 ను వంటింటి త్రాసు మీద పెట్టాను, సుమారు 155 గ్రాములు తూగింది. విప్పి చూస్తే లోపల మూడు చిన్న దిమ్మలు, మధ్యలో రబ్బరు బిళ్ళలు. మామూలు బఫర్‌లో మూడూ ఉక్కువి, ఇందులో మూడూ టంగ్‌స్టన్‌వి. టంగ్‌స్టన్ ఉక్కుకన్నా రెండున్నర రెట్లు బరువు కనుక అదే కొలతలో అంత తేడా. పట్టుకుని ఊపితే గలగలమంటాయి. అలా లోపల అవి కదలడం లోపం కాదు. బోల్ట్ మూసుకున్న క్షణంలో అవి వెనకాల నుంచి కొద్ది ఆలస్యంగా వచ్చి గుద్దుతాయి కాబట్టి, గట్టిగా వేసిన తలుపు తిరిగి తెరుచుకున్నట్టు బోల్ట్ ఎగరదు.

మొన్న శనివారం మైదానానికి వెళ్ళాను. చలి, చవకరకం తూటాలు. మొదటి మ్యాగజైన్ పరవాలేదు; సప్రెసర్ తీసి కాల్చేసరికి బోల్ట్ చివరిదాకా వెళ్ళలేక సగంలోనే తిరిగి వచ్చింది. ఖాళీ మ్యాగజైన్ మీద ఆగి తెరుచుకుని ఉండవలసినది మూసుకుంది, ఒక కేసింగు బయటికి రాలేక ఇరుక్కుంది. పక్క బల్ల దగ్గర, వియత్నాంలో పనిచేసిన పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి, తన సంచిలోంచి హెచ్2 తీసి ఇచ్చి, మ్యాగజైన్‌లో ఒకే ఒక తూటా పెట్టి కాల్చమన్నారు. బోల్ట్ వెనక్కి వెళ్ళి అక్కడే ఆగింది. ఐదుసార్లు సప్రెసర్‌తో, ఐదుసార్లు అది లేకుండా చేయించారు, పదిసార్లూ ఆగింది. కేసింగులు మూడున్నర, నాలుగు గంటల దిక్కున ఒకే చోట కుప్ప పడ్డాయి.

అప్పుడాయన పాత సంగతి చెప్పారు. 1960లలో ఈ రైఫిల్ సైనిక రూపమైన ఎం-16 తూటాల్లో మందు మార్చేసరికి కాల్పుల వేగం పెరిగి తుపాకులు ఇబ్బంది పెట్టాయట, అప్పుడే తేలికపాటి పాత బఫర్‌ను తీసేసి బరువైనది పెట్టారట. అంటే నేను మోసిన తలనొప్పి చాలా పాతదే.

ఇంటికి వచ్చి హెచ్2 ను తూచాను, సుమారు 130. ఇరవై అయిదు గ్రాములు! పాత లెక్కలో రెండు తులాల పైచిలుకు తేడాకే ఇంత గొడవ. మీ నాన్నగారికి చెప్పు, నేను ఒప్పుకున్నానని. అయితే కళ్ళలో మంట పూర్తిగా పోలేదు. బఫర్ బోల్ట్‌ను నెమ్మదింపజేస్తుందే తప్ప గ్యాస్‌ను తగ్గించదు. అసలు విరుగుడు, గ్యాస్‌ను సర్దే మర ఉన్న బ్లాకు; దానికి రైఫిల్ ముందువైపు విప్పాలి, నాకు ధైర్యం చాలలేదు. బహుశా వేసవిలో.

స్ప్రింగు సంగతి రాయనేలేదు. దాన్ని తీయబోతే బఫర్ చేతిలోంచి ఎగిరి, ఫ్రిజ్ కిందికి దొర్లి, అమ్మ దాన్ని దోసె పిండి రుబ్బే యంత్రం తాలూకు ముక్క అనుకుని కడిగి… చిన్నదాన్ని నాట్యం క్లాసు నుంచి తీసుకురావాలి, ఇప్పటికే పది నిమిషాలు ఆలస్యం. మిగతాది

నీ
రవి