పొట్టి బ్రాకెట్ లేకుండా వచ్చిన గ్రాఫిక్స్ కార్డుపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

నమస్కారం. తెనాలిలో నాకొక చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు కొట్టించుకునేవారు ఈమధ్య పెళ్లి పిలుపు వీడియో కూడా చేసిపెట్టమంటున్నారు. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేక, ఏదో ఆఫీసులో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్‌ను రూ.13,500కు తెచ్చుకున్నాను. వీడియో పని సాఫీగా సాగేందుకు దానిలో పెట్టడానికి మీ సైటులో 4 జీబీ గ్రాఫిక్స్ కార్డును రూ.8,200కు కొన్నాను.

తొందరపడి కొనలేదు. మూత తీసి, స్కేలు పెట్టి కొలిచాను. నా డబ్బా వెనుక బ్రాకెట్, అంటే కార్డును డబ్బాకు బిగించే రేకు, పట్టే చోటు 8 సెంటీమీటర్లే. మామూలు కార్డు బ్రాకెట్ 12 సెంటీమీటర్లు. లో ప్రొఫైల్ (పొట్టి రకం) కార్డుదైతే 79 మిల్లీమీటర్లు, సరిగ్గా పడుతుంది. పవర్ సప్లయిలో కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే తీగ లేదు, కాబట్టి కార్డు గుచ్చే స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచేది కావాలి. మీ పేజీలో ‘లో ప్రొఫైల్’ అని రాసి ఉంది. ఫొటోలో కార్డు పక్కనే పొట్టి బ్రాకెట్ కూడా ఉంది.

పెట్టె విప్పితే కార్డుకు బిగించిన పొడుగు బ్రాకెట్ ఒక్కటే కనిపించింది. స్పాంజి కింద, అట్టల మడతల్లో కూడా వెతికాను. కార్డులో మాత్రం లోపం లేదు, ఆ మాట దాచను. బ్రాకెట్ విప్పేసి, మూత తెరిచి ఉంచి నడిపితే రెండు మానిటర్లూ చక్కగా వచ్చాయి.

మీ ప్రతినిధులకు మూడుసార్లు ఫోను చేశాను. బ్రాకెట్ లేకుండానే వాడుకోమన్నారు మొదటివారు. హెచ్‌డీఎంఐ తీగ కాస్త కదిలినందుకే కార్డు స్లాటులో ఒరిగిపోయి తెర నల్లబడిందని వారికి చెప్పాను. పెద్ద కేబినెట్ కొనుక్కోమన్నారు రెండోవారు. బొత్తం ఊడిందంటే చొక్కా మార్చుకోమన్నట్లుంది! పైగా ఈ డెస్క్‌టాప్ మదర్‌బోర్డు దాని కంపెనీ సొంత కొలతలది, బయట దొరికే కేబినెట్‌లో కూర్చోదు. ఉన్న బ్రాకెట్‌నే కోయించుకోమన్నారు మూడోవారు. మా వీధి వెల్డింగ్ షాపులో యాభై రూపాయలకు కోసిపెడతారు, నిజమే. కానీ కార్డుకు ఏ మార్పు చేసినా మూడేళ్ల వారంటీ చెల్లదని మీ కాగితమే చెబుతోంది. కోసినా వారంటీ ఉంటుందని రాసి పంపమని అడిగాను. ఫోను కట్ అయింది.

నేను అడిగేది చిన్న రేకు ముక్క, రెండు మరలు. పది రోజుల్లో మీ ఖర్చుతో పంపండి. లేదంటే కార్డు వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వండి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిన సంగతి 48 గంటల్లో తెలపాలని కూడా వాటిలోనే ఉంది. నేను మెయిల్ పంపి తొమ్మిది రోజులైంది. గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అయిదు లక్షల లోపు ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు, గుంటూరు మాకు దూరమూ కాదు.

బిల్లు, మీ పేజీ ఫొటో, స్కేలు పెట్టి తీసిన రెండు ఫొటోలు జతచేశాను. బ్రాకెట్ వచ్చేవరకు డెస్క్‌టాప్ మూత తెరిచే ఉంటుంది. బల్లులు దూరకుండా రాత్రిపూట పాత ఫ్లెక్సీ ముక్క కప్పుతున్నాను.

ఇట్లు,
తెనాలి నుంచి మీ కొనుగోలుదారు