ఆయిల్ ఇంజన్‌కు ఈథర్ కొట్టకండి

సంపాదకులకు,

రబీకి కాల్వ శివారు పొలాల్లో ఆయిల్ ఇంజన్లు మళ్లీ బయటికొచ్చాయి. చలి పొద్దున ఇంజన్ మొరాయిస్తే గాలి గొట్టంలోకి ఈథర్ (ఇట్టే అంటుకునే ద్రవం) స్ప్రే కొట్టి హ్యాండిల్ తిప్పమనే చిట్కా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. కొడితే ఇంజన్ అందుకుంటుంది, నిజమే. తర్వాత ఏం విరుగుతుందో తెలియాలంటే ఈథర్ మీదే నడిచే బుల్లి డీజిల్ ఇంజన్ సంగతి చూడాలి.

మోడల్ విమానాలకు బిగించే ఈ ఇంజన్లలో పేరుపడ్డది ఇంగ్లాండులో మిల్స్ సోదరులు 1946లో తెచ్చిన 1.3 సి.సి. ఇంజన్. ఆ తర్వాత 0.75 సి.సి.ది కూడా చేశారు. మన కోల్‌కతాలో అరోరా సంస్థ కూడా ఈ తరహావి తయారుచేసింది. పేరుకు డీజిలే గానీ వీటికి ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ లేదు, దానికి ఒత్తిడితో ఇంధనం పంపే ఇంజెక్షన్ పంపూ లేదు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నిమిషానికి 1500 చుట్ల మీద నడిచే 5 హెచ్‌పి, 553 సి.సి. ఇంజన్ నిండు లోడులో గంటకు 1.1 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం. ఒక్కో దెబ్బకు నాజిల్ కొట్టేది సుమారు 25 ఘన మిల్లీమీటర్లు, అంటే అర చుక్క. అదే పాళ్లలో 0.75 సి.సి.కి 0.03 ఘన మిల్లీమీటరు కొట్టాలి. ఆ సైజు ప్లంజరు (పంపులో ఇంధనాన్ని నెట్టే కడ్డీ) ఎంత నున్నగా కూర్చినా పక్కల నుంచి జారిపోయేదే అంతకు మించి ఉంటుంది.

అందుకని ఇంధనాన్ని నీడిల్ వాల్వుతో (ఇంధనం పాళ్లు సర్దే సూది మరతో) గాలిలోనే కలిపి లోపలికి పంపారు. ఈథర్, కిరోసిన్, ఆముదం సమపాళ్లు, పైన ఒకటి రెండు శాతం మండే గుణం పెంచే నైట్రేటు. ఆముదం కందెనకు, ఈథర్ అంటుకోవడానికి. ఈథర్ 160-180 డిగ్రీల వేడికే తనంతట తాను మండుతుంది. అయితే ఇంధనం ముందే లోపల ఉంది కాబట్టి ఎప్పుడు మండాలో చెప్పడానికి నాజిల్ లేదు, చెప్పేది కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని నొక్కడం) ఒక్కటే. దాన్ని మార్చుకునేందుకు సిలిండర్ పైభాగంలో ఇంకో చిన్న పిస్టన్, దాని నెత్తిన ఒక స్క్రూ పెట్టారు. బిగిస్తే మంట ముందుకొస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. ఇంజన్ వేడెక్కగానే స్క్రూ కాస్త వదలాలి. వదలకపోతే పిస్టన్ పైకి చేరకముందే మండి వేగం పడిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

మన పొలం ఇంజన్‌కు ఆ స్క్రూ లేదు. కంప్రెషన్ 17కు 1 చుట్టుపక్కల ఖాయంగా ఉంటుంది. డీజిల్ పడాల్సింది పిస్టన్ పై అంచుకు చేరడానికి ఇంజన్ తిరుగుడులో ఇరవై డిగ్రీల ముందు. ఈథర్ గాలితోపాటే లోపలికి వెళ్లి అంతకు చాలా ముందే భగ్గుమంటుంది. రింగులు ముక్కలవుతాయి, పిస్టన్‌లో రింగు గాడులు పగులుతాయి, హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుంది. హీటర్ ప్లగ్గు ఉన్న ఇంజన్లలో ఇంకా ప్రమాదం.

చల్లటి ఇంజన్ ఎత్తుకోవడానికి పాత తయారీదారులకు తెలిసిన మార్గం కంప్రెషన్ పెంచడం. ఇంగ్లాండులోని డర్స్లీలో తయారైన లిస్టర్ సి.ఎస్. ఇంజన్ హెడ్‌కు ఒక చిన్న చక్రం ఉండేది. స్టార్టింగ్‌కు దాన్ని బిగిస్తే లోపలి అదనపు గది మూసుకుని కంప్రెషన్ పెరిగేది, నిండు లోడుకు మళ్లీ తెరిచేవాళ్లు. రాజ్‌కోట్‌లో తయారయ్యే ఆ తరహా ఇంజన్లు చాలావాటికి ఇది తీసేశారు. మంచి సదుపాయం పోయిందనే చెప్పాలి.

ఇంజన్ ఎత్తుకోకపోతే ముందు డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయండి. ఫిల్టర్ స్క్రూ, తర్వాత పంపు స్క్రూ వదిలి బుడగలు ఆగేదాకా డీజిల్ పోనివ్వాలి. చివర నాజిల్ పైపు నట్టు వదిలి, డీజిల్ వచ్చాక బిగించి డీకంప్రెషన్ లివర్ (కంప్రెషన్ వదిలించే మీట) ఎత్తి తిప్పితే నాజిల్ కిర్రుమనాలి. కిర్రుమనకపోతే నాజిల్ లేదా పంపు చూపించాలి. నాజిల్ బయట పెట్టి చూసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దు, 200 బార్ దగ్గర కొట్టే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

నాజిల్ చప్పుడు బాగుంటే కంప్రెషన్ చూడండి. లివర్ దించి ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పితే ఎదురు తన్నాలి. మెత్తగా దాటిపోతుంటే గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినండి. ఎయిర్ క్లీనర్‌లో బుసలు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు లేదా లైనరు, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లలో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద వేసే పల్చటి బిళ్ల). వాల్వు అయితే ముందు ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) చూడాలి, అది బిగిసిపోయి ఉన్నా ఇదే లక్షణం. హెడ్ విప్పినవాళ్లు పాతదాని మీదే ఇంకో గ్యాస్కెట్ వేసి బిగించడం కూడా మామూలైంది. ఆ మందానికే కంప్రెషన్ పడిపోయి చలికి ఇంజన్ అందుకోదు.

మీ వ్యవసాయ పేజీలో స్ప్రే చిట్కా ప్రస్తావించాల్సి వస్తే దాని పక్కనే ఈ పరీక్షలు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక డీజిల్ ఇంజన్ మెకానిక్, తెనాలి